ఇందల్వాయి టోల్ గేట్ నుంచి కోనసముద్రం దాకా: ఉక్కు పుట్టిన దారిలో ఒక ఆదివారం

హైదరాబాద్ నుంచి నిజామాబాద్ వైపు 44వ నంబర్ హైవేలో వెళ్లారా? అయితే ఇందల్వాయి టోల్ గేట్ దాటే ఉంటారు. ఫాస్టాగ్ బీప్ మంటుంది, గేటు లేస్తుంది, మనం వెళ్లిపోతాం. నేనూ ఎన్నిసార్లు అలా వెళ్లిపోయానో లెక్కలేదు.

కానీ 1660లలో ఇటుగా వచ్చిన ఫ్రెంచ్ యాత్రికుడు థెవెనో ఈ ఊరి గురించి ప్రత్యేకంగా రాసుకున్నాడు. ఇక్కడ చేసే కత్తులు, బాకులు, బల్లేలు దేశమంతా అమ్ముడుపోతాయని రాశాడు. అది చదివాక ఊరుకోలేకపోయా. పాత ఆఫీస్ ఫ్రెండ్స్‌ని పోగేసి, రెండు కార్లలో ఎనిమిది మందిమి బయల్దేరాం. ఒకటే రూల్: వీలైనంత వరకు హైవే వద్దు, ఊళ్ల మధ్య రోడ్లే.

ఆర్మూర్ దాటి మోర్తాడ్, కమ్మర్‌పల్లి వైపు తిరిగాం. ఫిబ్రవరి నెల. ఎక్కడ చూసినా పసుపు తవ్వకాలు. కారు అద్దం దించితే చాలు, ఉడుకుతున్న పసుపు వాసన. మా వాళ్లంతా రీల్స్ తీసుకుంటున్నారు. నాకు మాత్రం ఒకటే పేరు కావాలి: కోనసముద్రం.

ఎందుకంటే, డమాస్కస్ కత్తి పేరు వినే ఉంటారు కదా? నీటి అలల్లాంటి గీతలుండే కత్తి. ఆ రకం కత్తులకు ముడి ఉక్కు భారతదేశం, శ్రీలంకల నుంచి వెళ్లేది. దాన్ని యూరప్ వాళ్లు 'వూట్జ్' అన్నారు. అది మన 'ఉక్కు' అనే మాటకే వచ్చిన రూపమని చాలామంది పండితులు అంటారు. ఆ ఉక్కు తయారైన ముఖ్యమైన చోట్లలో కోనసముద్రం ఒకటి.

ఎలా చేసేవాళ్లు? ఇంజనీర్‌ని కదా, ఈ పార్ట్ వదలను. స్వచ్ఛమైన ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల వేడి కావాలి. కొలిమిలో అంత వేడి తెప్పించడం చాలా కష్టం. అందుకే ఇనుప ముక్కల్ని మట్టి మూసలో పెట్టి, కార్బన్ అందేలా చేసి, మూత బిగించి కాల్చేవాళ్లు. ఇనుము కార్బన్‌ని పీల్చుకునే కొద్దీ అది కరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. చివరికి ఒక చిన్న ఉక్కు ముద్ద మిగులుతుంది. అందులో కార్బన్ సుమారు ఒకటిన్నర శాతం. ఇంకో విషయం: మూస మట్టిలో వడ్ల ఊక కలిపేవాళ్లు. అది కాలి మిగిల్చే సిలికా, కార్బన్ వల్ల మూస అంత వేడికి కూడా నిలబడేది. ల్యాబ్ లేదు, థర్మామీటర్ లేదు. ఉన్నదల్లా మన కమ్మరుల కన్ను, చెయ్యి, కొలిమితిత్తి.

ఊరి బయట చేను గట్టు మీద నల్లటి రాళ్లలాంటివి ఏరి చూస్తుంటే ఒక పెద్దాయన ఆగాడు.

"ఏం దేవులాడుతున్రు బిడ్డా?"

చేతిలోది చూపించా.

"గదా? గది చిట్టెం. మా తాతల కన్నా ముందటిది. దున్నినప్పుడల్లా నాగలికి తగులుతది, తీసి అవతల పారేస్తం."

నిజమే, తప్పు ఆయనది కాదు. అదేంటో చెప్పే బోర్డు కూడా మాకు ఎక్కడా కనిపించలేదు.

హెన్రీ వాయ్సీ అనే డాక్టర్ 1820 ప్రాంతంలో ఇక్కడికి వచ్చాడు. బ్రిటిష్ వాళ్ల మహా త్రికోణమితి సర్వేలో జియాలజిస్ట్ కూడా ఆయనే. 1824లో చనిపోయాడు. కోనసముద్రం ఉక్కు గురించి ఆయన రాసింది 1832లో అచ్చయింది. అందులో నన్ను ఆపేసిన విషయం ఒకటుంది: ఉక్కు కొనడానికి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారి ఆయనకు ఇక్కడే కలిశాడు. ఇరాన్‌లో కూడా ఈ పద్ధతి చేసి చూశారట, కుదరలేదట!

తర్వాత ఏమైంది? ఫ్యాక్టరీ ఉక్కు చవగ్గా వచ్చింది. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చాక టన్నుల లెక్కన ఉక్కు తయారైంది. మూసలో ముద్ద ముద్దగా చేసేవాళ్లు దానితో ఎలా పోటీ పడతారు? కొలిములు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

వచ్చేటప్పుడు కమ్మర్‌పల్లిలో టీ తాగాం. హోటల్ కుర్రాడు పాస్‌పోర్ట్ వచ్చిందని, దుబాయ్‌లో పని చూసుకున్నానని చెప్పాడు. ఈ ప్రాంతంలో చాలా ఇళ్ల కథ అదే. మా కారులో కాసేపు ఎవరం మాట్లాడలేదు. రెండొందల ఏళ్ల కింద మన పనితనం కోసం సముద్రం అవతలి నుంచి ఇక్కడికి వచ్చారు. ఇవాళ పని కోసం మనవాళ్లు అదే సముద్రం దాటుతున్నారు.

వాట్సాప్‌లో 'మన పూర్వీకులు గ్రేట్' అని ఫార్వర్డ్ చేయడం ఈజీ ఫ్రెండ్స్. కానీ ఆ గ్రేట్ పని చేసిన కమ్మరుల పేరు ఒక్కటీ మనకు తెలియదు. వాళ్లు మిగిల్చింది ఆ చిట్టెం ఒక్కటే. అది కూడా చేను చదును చేసినప్పుడు, ఇంటికి పునాది తవ్వినప్పుడు పోతోంది.

అందుకే చిన్న రిక్వెస్ట్. మీ ఊళ్లో నల్లటి చిట్టెం కుప్ప ఉంటే ఇంటికి తెచ్చుకోకండి. నేను కూడా ఏరింది అక్కడే పెట్టొచ్చా. ఫోటో తీయండి, లొకేషన్ సేవ్ చేయండి, ఊరి పెద్దల్ని అడిగి వాళ్లు చెప్పింది రికార్డ్ చేయండి. ఈసారి ఇందల్వాయి టోల్ దగ్గర గేటు లేచేలోపు ఒక్కసారి పక్కకి చూడండి. మళ్లీ కలుద్దాం!