విటమిన్-డి: మేలు కీడైన వేళ

ఖరగ్‌పూర్ ఝపటాపూర్‌లో మీరు ఎండలో ఎంతసేపు ఆడినా ఒంట్లో విటమిన్-డి హద్దు మీరదు. చర్మంలో అదనంగా తయారైనదాన్ని ఆ ఎండే విచ్ఛిన్నం చేస్తుంది. నోటితో తీసుకునే విటమిన్‌కు ఈ అదుపు లేదు.

ఎండ తక్కువైన బ్రిటన్‌కు ఈ సంగతి 1950 దశకంలో తెలిసివచ్చింది. ఎముకలు వంకరపోయే రికెట్స్ వ్యాధిని అరికట్టాలని పసిపిల్లల పాలపొడిలో, ఆహారంలో విటమిన్-డి కలిపారు. పైగా కాడ్‌లివర్ ఆయిల్ ఇచ్చారు. అన్నీ కలిసి కొందరికి రోజుకు 4,000 యూనిట్ల దాకా చేరింది. కొందరు శిశువుల రక్తంలో కాల్షియం పెరిగి వాంతులయ్యాయి, ఎదుగుదల ఆగింది, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. 1957లో మోతాదు తగ్గించాలని నిపుణులు సూచించారు.

మరి పిల్లలందరికీ ఎందుకు రాలేదు? 2011లో ఒక కారణం దొరికింది: విటమిన్-డిని విచ్ఛిన్నం చేసే ఎంజైమ్ తాలూకు జన్యువులో లోపం. అది పైకి కనిపించదు. లోపం లేనివారికీ మితిమీరితే ముప్పే. డాక్టర్ వారానికొకటి రాసిన 60,000 యూనిట్ల మాత్రను రోజూ మింగకండి.