చలికాలపు సాయంత్రం కోసం గడియారంతో పేచీ

డిసెంబరు మూడో వారంలో లండన్‌లో 8 గంటలు దాటాక గానీ సూర్యుడు ఉదయించడు. సాయంత్రం 4 కాకముందే అస్తమిస్తాడు. పగలు మొత్తం కలిపి 8 గంటలకు కాస్త తక్కువే. అదే రోజు హైదరాబాద్‌లో పగలు 11 గంటలుంటుంది. ఉత్తరాన స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో సూర్యోదయానికి 8.45 అవుతుంది, 3.45కే పొద్దుగూకుతుంది. బడి వదిలిన పిల్లలు ఇల్లు చేరేసరికి వీధి దీపాలు వెలిగి ఉంటాయి. ఉన్న ఈ కాస్త వెలుతురునూ ఉదయం వైపే ఉంచాలా, సాయంత్రం వైపు జరపాలా అన్నది బ్రిటన్‌లో దశాబ్దాలుగా నలుగుతున్న ప్రశ్న. చలికాలంలో గడియారం గంట ముందుంటే లండన్‌లో సాయంత్రం దాదాపు 5 దాకా వెలుతురు ఉంటుంది, కానీ సూర్యోదయం 9 దాటిపోతుంది. జరిగేది పంపకమే, అదనంగా ఒక్క నిమిషం వెలుతురు కూడా పుట్టదు.

గడియారాన్ని చట్టంతో జరపాలంటే ముందు దేశమంతటికీ ఒకే సమయం ఉండాలి. రైళ్లు రాకముందు బ్రిటన్‌లో ఏ ఊరి సమయం ఆ ఊరిదే. లండన్‌కు పడమరనున్న బ్రిస్టల్‌లో మధ్యాహ్నం పది నిమిషాలు ఆలస్యంగా అయ్యేది. 1840ల నుంచి రైల్వే కంపెనీలు లండన్ సమయాన్నే అన్ని స్టేషన్లలోనూ పాటించసాగాయి. దాంతో బ్రిస్టల్ ధాన్యం మార్కెట్ భవనం మీది గడియారానికి రెండు నిమిషాల ముళ్లు పెట్టాల్సి వచ్చింది, ఒకటి ఊరి కోసం, ఇంకొకటి రైలు కోసం. ఆ రెండు ముళ్లూ ఇప్పటికీ తిరుగుతున్నాయి. 1880లో పార్లమెంటు లండన్‌లోని గ్రీనిచ్ సమయాన్ని చట్టబద్ధం చేసింది.

ఆ సమయాన్ని కదిలించాలని పట్టుబట్టినవాడు విలియం విల్లెట్. లండన్ శివార్లలోని చిజిల్‌హర్స్ట్‌లో ఉండే ఈయన ఇళ్లు కట్టించే వ్యాపారి. వేసవి ఉదయాల్లో గుర్రమెక్కి షికారుకు వెళ్తే, ఎండ బాగా వచ్చాక కూడా చాలా ఇళ్ల కిటికీలకు తెరలు వేసే ఉండేవి. పగటి వెలుగు ఇలా వృథా అవుతోందంటూ 1907లో సొంత ఖర్చుతో ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. ఏప్రిల్‌లో నాలుగు ఆదివారాలు గడియారాన్ని 20 నిమిషాల చొప్పున ముందుకు తిప్పి, సెప్టెంబరులో అదే లెక్కన వెనక్కి తేవాలన్నది ఆయన పథకం. 1908లో రాబర్ట్ పియర్స్ అనే సభ్యుడు దీన్ని బిల్లుగా పార్లమెంటులో పెట్టాడు. విన్‌స్టన్ చర్చిల్ లాంటివాళ్లు వెనక నిలబడ్డా, రైతులూ ఖగోళ శాస్త్రజ్ఞులూ ఒప్పుకోలేదు. ఆవు పాలిచ్చేది సూర్యుణ్ణి బట్టి, పాల రైలు కదిలేది గడియారాన్ని బట్టి అన్నది రైతు బాధ. విల్లెట్ 1915లో చనిపోయాడు. మరుసటి ఏడు ఏప్రిల్ 30న, యుద్ధంలో ఉన్న జర్మనీ బొగ్గు పొదుపు కోసం గడియారాలను గంట ముందుకు తిప్పింది. సొంత పౌరుడు ఏళ్ల తరబడి మొత్తుకున్నా కదలని పార్లమెంటు, శత్రువు చేసి చూపించాక మూడు వారాల్లో చట్టం చేసి 1916 మే 21 నుంచి అమలుపెట్టింది. అయితే విల్లెట్ కోరిందీ, చట్టం ఇచ్చిందీ వేసవికే. చలికాలం జోలికి ఎవరూ పోలేదు.

చలికాలానికి ఆ వంతు రెండో ప్రపంచ యుద్ధంలో వచ్చింది. 1940లో శరత్కాలం రాగానే వెనక్కి తిప్పాల్సిన గడియారాలను ప్రభుత్వం ముందే ఉంచేసింది. ఆ మీదట 1941 నుంచి 1945 దాకా వేసవిలో ఇంకో గంట కలిపి, గ్రీనిచ్ కంటే రెండు గంటలు ముందు నడిపింది. ఇంధనం మిగలాలి, శత్రు విమానాలకు కనపడకుండా దీపాలార్పే వేళకు కార్మికులు ఇళ్లు చేరాలి అన్నది లెక్క. ఆ యుద్ధకాలపు గంట భారతదేశానికీ వచ్చింది. కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడిచే మన సమయాన్ని 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా గంట ముందుకు జరిపారు. చలికాలానికీ వేసవికీ పగటి నిడివిలో బ్రిటన్‌లోలా పెద్ద తేడా లేని మన దేశంలో, యుద్ధం ముగిశాక ఆ గంటతో ఎవరికీ పని లేకపోయింది.

అసలు పరీక్ష శాంతికాలంలో జరిగింది. 1968 ఫిబ్రవరి 18న ముందుకు తిప్పిన గడియారాలను ఆ అక్టోబరులో వెనక్కి తేలేదు. దీనికి 'బ్రిటిష్ ప్రామాణిక సమయం' అని పేరు పెట్టి, మూడేళ్ల ప్రయోగమన్నారు. పశ్చిమ యూరప్ దేశాలు చాలావరకు గ్రీనిచ్ కంటే గంట ముందుండేవి. వాటితో వ్యాపారానికీ, ఫోన్లకూ, విమానాల వేళలకూ ఒకే సమయం మేలని ప్రభుత్వం వాదించింది. ఏడాదికి రెండుసార్లు గడియారం సవరించే బెడద తప్పడం కూడా కలిసివచ్చేదే.

మొదటి చలికాలంలోనే గుట్టు బయటపడింది. గ్లాస్గోలో డిసెంబరు సూర్యోదయం 9.45కి పోయింది, పడమటి దీవుల్లోని స్టోర్నోవేలో 10 దాటింది. పిల్లలు చీకట్లో నడుస్తుంటే బండ్లవాళ్లకు కనపడాలని, కోటు చేతి మీద మెరిసే పట్టీలు తొడిగి బడికి పంపారు. మంచు పేరుకున్న పరంజాల మీదికి చీకట్లో ఎక్కలేక ఇళ్లు కట్టే కూలీలు పొద్దు పొడిచేదాకా ఆగాల్సి వచ్చేది, కూలి గంట మాత్రం నడిచిపోయేది. పాలవాళ్లూ పోస్టుమేన్లూ తమ తిరుగుడంతా చీకట్లోనే ముగించేవారు. పదింటికి ఆఫీసు మెట్లెక్కే లండన్ ఉద్యోగికి మాత్రం సాయంత్రం వెలుతురు మిగిలింది. ఇంగ్లండ్‌లో ఈ ఏర్పాటును మెచ్చినవాళ్లు ఎక్కువ, స్కాట్లండ్‌లో వ్యతిరేకులే ఎక్కువ.

రోడ్డు ప్రమాదాల లెక్కలు మాత్రం వేరే కథ చెప్పాయి. ఉదయం ప్రమాదాలు పెరిగిన మాట నిజమే. సాయంత్రం తగ్గినవి అంతకంటే చాలా ఎక్కువ. మొదటి రెండు చలికాలాల్లో చనిపోయినవాళ్లూ, తీవ్రంగా గాయపడినవాళ్లూ కలిపి దాదాపు 2,500 మంది తగ్గారని తర్వాతి విశ్లేషణ అంచనా వేసింది. కారణం కష్టమైనదేమీ కాదు. ఉదయం జనం ఇంటి నుంచి నేరుగా పనికో బడికో పోతారు. సాయంత్రం అలసిపోయి ఉంటారు, దుకాణాలకూ స్నేహితుల ఇళ్లకూ తిరుగుతారు, కొందరు తాగి బండి నడుపుతారు, పిల్లలు వీధిలో ఆడుతుంటారు. అయితే డ్రైవర్ల శ్వాస పరీక్ష 1967 అక్టోబరులోనే మొదలైంది కాబట్టి తగ్గుదలలో గడియారం వాటా ఎంత, చట్టం వాటా ఎంత అని విడదీయడం కష్టమైంది.

1970 డిసెంబరు 2న, పార్టీ విప్ లేకుండా జరిగిన ఓటింగులో కామన్స్ సభ 366-81 ఓట్లతో ప్రయోగాన్ని ముగించమంది. 1971 అక్టోబరు 31న గడియారాలు మళ్లీ గ్రీనిచ్‌కు చేరాయి. తూకం వేస్తే ఈ నిర్ణయాన్ని సమర్థించడం కష్టం, అర్థం చేసుకోవడం తేలిక. చీకటి ఉదయాన రోడ్డు మీద పోయిన పిల్లవాడికి పేరుంటుంది, ఊరుంటుంది, నింద మోయడానికి గడియారం ఉంటుంది. వెలుతురున్న సాయంత్రం బతికి ఇల్లు చేరినవాడు తాను బతికిపోయానని కూడా ఎరుగడు. ఎన్నికలకు పోయేవాళ్లను భయపెట్టేది మొదటివాడే.

తర్వాత ఈ కోరిక సభ్యుల ప్రైవేటు బిల్లులుగానే పార్లమెంటు గడప తొక్కింది. ఏడాది పొడవునా ఇంకో గంట ముందు, అంటే చలికాలంలో గ్రీనిచ్‌కు ఒక గంట, వేసవిలో రెండు గంటలు ముందుంటే ఏటా వందకు పైగా మరణాలు తగ్గుతాయని రవాణా పరిశోధన ప్రయోగశాల 1998లో అంచనా కట్టింది. ఆ బలంతో 2000ల్లో లార్డ్స్ సభలో లార్డ్ టాన్‌లా, కామన్స్‌లో టిమ్ యో ప్రయత్నించి ఓడిపోయారు. 2010లో ఎంపీ రెబెకా హారిస్ బిల్లు అన్నిటికంటే ముందుకు వెళ్లింది. ప్రభుత్వం లాభనష్టాలు తేల్చి, అనుకూలమైతే మూడేళ్లు పరీక్షించాలన్న ఈ బిల్లు రెండో పఠనంలో 92-10తో నెగ్గింది. 2012 జనవరి 20న వ్యతిరేకులు గడువు తీరేదాకా ప్రసంగాలు సాగదీసి దాన్ని చంపేశారు. సోమర్సెట్ కౌంటీకి లండన్ కంటే పావుగంట వెనకుండే సొంత సమయం ఇవ్వాలన్న జేకబ్ రీస్-మాగ్ సవరణ ఆ వ్యూహంలో భాగమే. పొరుగునున్న బ్రిస్టల్ గడియారానికి మూడో ముల్లు తగిలించినా ఆశ్చర్యం ఉండేది కాదు.

ఇతర దేశాల అనుభవమూ ఉదయానిదే పైచేయి అని చూపిస్తుంది. 1974 జనవరిలో అమెరికా ఇదే పని మొదలుపెట్టి, చీకట్లో బడికి పోయే పిల్లల మీది ఆందోళనతో మరుసటి చలికాలానికి విరమించింది. పోర్చుగల్ 1992లో మధ్య యూరప్ సమయానికి మారి 1996లో వెనక్కి వచ్చింది. రష్యా 2011 నుంచి శాశ్వత వేసవి సమయం పాటించి 2014లో వదులుకుంది. గడియారాల మార్పునే ఎత్తేయాలని 2019లో యూరప్ పార్లమెంటు తీర్మానించినా అది అమలుకు నోచుకోలేదు.

బ్రిటన్‌లో ఇప్పటికీ 1972 చట్టమూ దాని సవరణలే అమల్లో ఉన్నాయి. మార్చి చివరి ఆదివారం గడియారం ముందుకు, అక్టోబరు చివరి ఆదివారం వెనక్కి. అక్టోబరులో ముల్లు తిప్పిన రోజు నుంచి లండన్, హైదరాబాద్‌ల మధ్య తేడా నాలుగున్నర గంటల నుంచి ఐదున్నరకు పెరుగుతుంది; బ్రిటన్ వేళల్లో పనిచేసే హైదరాబాద్ ఉద్యోగుల షిఫ్ట్ మార్చి దాకా గంట ఆలస్యంగా మొదలై గంట ఆలస్యంగా ముగుస్తుంది.