చూచినవాని మాట

నాటకమునకు చరిత్ర కలదు. చలనచిత్రమునకు చరిత్ర కలదు. టెలివిజనుకు సైతము ఇప్పటికి ఒక చరిత్ర ఏర్పడినది. ఆ చరిత్రలలో కవులు, నటులు, దర్శకులు, పెట్టుబడి పెట్టినవారు, తుదకు తెరలకు రంగులు వేసినవారు కూడ కనబడుదురు. కాని టిక్కెట్టు కొనియో, పొరుగింటి గుమ్మమున నిలబడియో ఆ ఆటను చూచి, ఇంటికి మరలుచు త్రోవలో బాగున్నదనియో, బాగులేదనియో అన్న మనుష్యుడు మాత్రము వానిలో ఎక్కడను కానరాడు. అతని మాట గాలిలో కలిసిపోయినది. ఎప్పుడో ఒకప్పుడు అతడు ఆ మాటను కాగితముమీద పెట్టి తపాలాపెట్టెలో వేసెను. అట్టి కాగితములలో కొన్ని మన దేశపు ప్రసారములను కదలించినవి. వాని ముచ్చటయే ఈ వ్యాసము.

తెలుగు నాటకశాలలో ప్రేక్షకునికి ఉత్తరము వ్రాయు పని లేకుండెను. "వన్స్ మోర్" అను రెండు మాటలే అతనికి చాలియుండెను. ఇంగ్లీషున ఓనమాలు రానివారికిని ఆ రెండు మాటలు వచ్చును. పద్యము చెవికింపైనచో ఆ కేక లేచెడిది; హార్మోనియము మరల శ్రుతి అందుకొనెడిది; యుద్ధభూమిలో నేలకొరిగిన వీరుడు సైతము లేచి, పద్యమును మరియొకమారు పాడి, మరియొకమారు నేలకొరగవలసి వచ్చెడిది. దీనిని చూచి రసజ్ఞులు నవ్వుకొనిరి. బళ్ళారి రాఘవ (1880-1946) వంటి నటులు రాగాలాపనను తగ్గించి, పాత్రయొక్క మనస్సును పలికించు వాచికమునకే పట్టము కట్టిరి. వారి పక్షము న్యాయమైనదే. అయినను ఆ కేకలో గమనింపదగిన గుణము ఒకటి కలదు. తీర్పు చెప్పుటకును, ఆ తీర్పు అమలు జరుగుటకును నడుమ రెప్పపాటు కాలమే ఉండెను. ప్రేక్షకుడు ఆటను ఆట నడుచుచుండగనే మార్చెను.

1932లో "భక్త ప్రహ్లాద"తో తెలుగు మాట తెరకెక్కినది. ఆనాటితో ఈ అధికారము పోయెను. తెరమీది ప్రహ్లాదుని ఎంత కేకవేసి పిలిచినను అతడు పాడిన పద్యమును మరల పాడడు. ఎక్కడో స్టూడియోలో ముగిసిన ఆట రేకు పెట్టెలలో ఊరికి వచ్చును. వచ్చినదానిని వచ్చినట్లు చూడవలసినదే. ఇక ప్రేక్షకునికి మిగిలిన ఆయుధములు రెండు: మరల చూచుట, పదిమందితో చెప్పుట. ఇవి చిన్న ఆయుధములు కావు. 1934లో సి. పుల్లయ్యగారి "లవకుశ"ను చూచుటకై పల్లెలవారు బండ్లు కట్టుకొని పట్టణములకు వచ్చిరని పెద్దలు చెప్పెడివారు. 1980లో కె. విశ్వనాథ్‌గారి "శంకరాభరణం" విడుదలైన తొలిదినములలో శాలలు వెలవెలబోయెను. పేరుమోసిన కథానాయకుడు అందు లేడు; కథ ఒక వయసుమళ్ళిన సంగీత విద్వాంసునిది. చూచి వచ్చినవారు చూడనివారికి చెప్పిరి. కొలది కాలములోనే ఆ శాలలు నిండిపోయెను. గోడమీది ప్రకటన చేయలేని పనిని వీధి అరుగు చేసినది.

సినిమా పత్రికలు పుట్టిన పిమ్మట ప్రేక్షకుని మాటకు అచ్చులో కొంత చోటు దొరకెను. బొంబాయిలో 1935లో బాబూరావు పటేల్ స్థాపించిన "ఫిల్మిండియా"లో పాఠకుల ప్రశ్నలకు ఆయన ఇచ్చు జవాబులు చురకలకు ప్రసిద్ధి. మనకు 1966 నుండి "విజయచిత్ర" ఉండెను. ఆ పుటలలో తారలను గూర్చిన కుతూహలమే ఎక్కువ, అది సహజమే. కాని ఎన్ని జాబులు అచ్చయినను ఆడిన బొమ్మ మారదు గదా.

టెలివిజన్ ధారావాహిక వచ్చిన తరువాత పరిస్థితి తిరుగబడినది. ధారావాహిక ఆడుచుండగా ఇంకను వ్రాయబడుచుండును. ఈ వారము చూచినవాడు జాబు వ్రాసినచో, రాబోవు నెలలోని కథకు ఆ జాబు అందవచ్చును. నాటకశాలలోని పాత కేక, పోస్టుకార్డు రూపమున, మరల ప్రాణము పోసికొనినది. దీనికి మన దేశములో మొదటి పెద్ద నిదర్శనము "హమ్ లోగ్".

ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న ప్రయోగాత్మకముగా మొదలైన టెలివిజన్, పాతిక సంవత్సరములవరకు కొలది నగరములలోని కలవారి గదులను దాటలేదు. హైదరాబాదుకు ఆ కేంద్రము 1977లో వచ్చెను. 1984లో మాత్రము ఒక్క సంవత్సరములోనే నూటికి పైగా ట్రాన్స్‌మిటర్లు దేశమున నిలిచినవి. ఆ సంవత్సరము జూలై 7న "హమ్ లోగ్" ఆరంభమాయెను. మెక్సికో దేశములో మిగెల్ సబీదో అను దర్శకుడు వయోజన విద్యను, కుటుంబ నియంత్రణమును ధారావాహిక కథలలో ఇమిడ్చి ప్రజలకు అందించియుండెను. ఆ మార్గమునే ఇచట అనుసరింపదలచిరి. రచన మనోహర్ శ్యామ్ జోషీగారిది, దర్శకత్వము పి. కుమార్ వాసుదేవ్‌గారిది. ఖర్చును నూడుల్స్ తయారుచేయు ఒక కంపెనీ భరించినది. ప్రభుత్వ ఆశయమునకు వ్యాపారి సొమ్ము తోడగుట మన టెలివిజనులో అంతకుముందు ఎరుగని సంగతి.

కథ ఢిల్లీలోని ఒక దిగువ మధ్యతరగతి కుటుంబముది. తండ్రి బసేసర్‌రామ్ త్రాగుబోతు. తల్లి భగవంతి మారుపలుకని ఇల్లాలు. కుమార్తెలు బడ్కీ, మఝ్లీ, ఛుట్కీ. మన భాషలో పెద్దమ్మాయి, నడిపమ్మాయి, చిన్నమ్మాయి అన్నమాట. కుమారులిద్దరు, తాత, నాయనమ్మ. ఈ ఇంటికి పేరు పెట్టవలసిన పనియే లేదు. దేశమున ప్రతి వీధిలోను అట్టి ఇల్లు ఒకటి ఉండెను.

మొదటి పదమూడు భాగములలో కుటుంబ నియంత్రణపు బోధ ఎక్కువాయెను. పాత్రలు మాటలాడుట మాని ఉపన్యసింపజొచ్చినవి. ప్రేక్షకులు ముఖము చిట్లించిరి. వెంటనే బోధను తగ్గించి కథను పెంచిరి. ప్రసార వృత్తిలో ఉన్న నాబోటివారు ఈ ఘట్టమును గట్టిగా గుర్తుంచుకొనవలెను. మంచి మాట చెప్పుచున్నాము గావున జనులు వినితీరవలెనను భ్రమ మా వృత్తికి పుట్టు జబ్బు. దానికి మందు వేయువాడు ప్రేక్షకుడే, శ్రోతయే.

ప్రతి భాగమును సుమారు 22 నిమిషములు నడచెడిది. తుదిని సుప్రసిద్ధ నటుడు అశోక్ కుమార్ కనబడి, అరనిమిషమో అంతకు కొంచెము ఎక్కువయో ప్రేక్షకులతో ముచ్చటించెడివారు. జరిగిన కథను ముడివేసి, ఒక ప్రశ్న వేసి, "హమ్ లోగ్" అను మాటను ఒక్కొక్క నాడు ఒక్కొక్క భారతీయ భాషలో చెప్పి సెలవు తీసికొనెడివారు. ఇంటిలోని పెద్దాయన అరుగుమీద కూర్చుండి అడిగినట్లుండెడిది. అడిగినచో చెప్పకుందురా! 17 నెలలలో సుమారు 4,00,000 ఉత్తరములు వచ్చినవని అంచనా. పెద్దలను ఒప్పించి, తాము కోరుకొన్నవారితో తమకు పెండ్లి జరిపింపుమని అశోక్ కుమార్‌గారిని ప్రార్థించిన యువకులు, యువతులు వారిలో ఎందరో. బడ్కీ తనను కోరిన అశ్వినిని పెండ్లాడవలెనా, వలదా అని తటపటాయించుచుండగా, ఆడుమని, ఆలస్యము చేయవలదని ఆమెకే జాబులు వచ్చినవి. ఆమె పెండ్లి ప్రసారమైన దినమున ఉత్తరాదిని అనేక దుకాణములు పెందలకడనే మూసిరి. లేని పిల్లకు, లేని పెండ్లికి ఇంతటి సందడి యేమని నవ్వువారు నవ్వవచ్చును. నాకు మాత్రము అందు నవ్వు పుట్టదు. తమ ఇంటి పెద్దపిల్లతో అనలేని మాటను ఆ ఇంటి పెద్దపిల్లతో అనిరి.

ఉత్తరముల సంచి ముందు కూర్చుండు ఉద్యోగము చేయువానిగా ఒక చిన్న అనుభవము చెప్పుదును. మెచ్చుకొను ఉత్తరము పొట్టిగా నుండును. తప్పుపట్టు ఉత్తరము పొడవుగా నుండును. కథ ఇట్లు నడపవలెనని సలహా ఇచ్చు ఉత్తరమునకు అంతముండదు. కార్డు అంచులచుట్టును తిరిగి, చిరునామా పై కెక్కి కూర్చుండును. చదువదగినవి తరచుగా ఈ మూడవ జాతివే.

"హమ్ లోగ్"కు వచ్చిన జాబులు చిత్తుకాగితములైపోక కొంత పరిశోధనకు నోచుకొన్నవి. అరవింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్స్ అను పండితులు ఆ రాశినుండి 500 ఉత్తరములను ఎన్నుకొని పరిశీలించిరి. ఢిల్లీ, పూనా, మద్రాసు ప్రాంతములలో 1,170 మందిని ప్రశ్నించిరి. మద్రాసులో చూచినవారు తక్కువ. భాష అడ్డు వచ్చినది. హిందీ రాని తెలుగు ఇండ్లకును ఈ మాట చాలవరకు వర్తించును. కాని వారు కనుగొన్నవానిలో నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది భగవంతి సంగతి.

భగవంతిని రచయిత ఆదర్శముగా నిలుపలేదు. మాటపడి, దెబ్బపడి నోరు మెదపని ఆమెను చూచి, స్త్రీ ఇట్లుండరాదని జనులు అనుకొందురని తలచిరి. బడ్కీ, ఛుట్కీలు దానికి ప్రతిగా నిలిచిన పాత్రలు. జరిగినది వేరు. ఆమె ఓర్పును చూచి, ఇల్లాలనగా ఇట్లుండవలెనని మెచ్చుకొన్నవారు ఎందరో తేలిరి. వారిలో స్త్రీలును ఉండిరి. అమెరికాలో 1971లో మొదలైన "ఆల్ ఇన్ ది ఫ్యామిలీ" అను హాస్య ధారావాహికలో ఆర్చీ బంకర్ అను దురభిమానిని ఎగతాళి చేయుటకై సృష్టింపగా, అతని మాటలే నిజమని తలయూపిన ప్రేక్షకులు ఎక్కువగా ఉన్నట్లు 1974లో వెలువడిన పరిశోధన తెలిపినది. వ్యాధి దేశములను బట్టి మారదు.

దీనిని బట్టి ప్రేక్షకుడు మూఢుడని తేల్చుట తొందరపాటు. భగవంతిని మెచ్చుకొన్న స్త్రీ తన తల్లిని మెచ్చుకొన్నది. తన్ను తాను మెచ్చుకొన్నది. ఆమె బ్రతుకంతయు పొరబాటని తెరమీదినుండి ఎవరో చెప్పగా ఆమె ఒప్పుకొనలేదు. రచయిత తాను చెప్పినదానిని ఎరుగును; తాను ఎవరికి చెప్పినాడో జాబు అందినప్పుడు కాని ఎరుగడు. ఆ ఉత్తరములు లేకున్నచో, "హమ్ లోగ్" స్త్రీల సమానతను బోధించిన ధారావాహిక యని మాత్రమే చరిత్రలో ఉండెడిది. 1985 డిసెంబరు 17న కథ ముగిసినది.

అయితే జాబు వ్రాయలేనివాని మాట యేమి? దానికి 1988లో జలంధరు నగరపు పారిశుద్ధ్య కార్మికులు జవాబు చెప్పిరి. 1987 జనవరి 25న ఆరంభమైన రామానంద్ సాగర్‌గారి "రామాయణ్" 78 భాగములు నడచి, 1988 జూలై 31న పట్టాభిషేకముతో ముగిసెను. ఉత్తరకథ లేదు. ఆ కార్మికులు వాల్మీకిని తమ కులగురువుగా కొలుచువారు. సీతకు నీడనిచ్చినది, కుశలవులకు విద్య చెప్పినది ఆ మహర్షియే. ఆయన నడచివచ్చు భాగమునే విడిచిపెట్టుట వారికి సహింపరానిదాయెను. చీపుళ్ళు క్రింద పెట్టి సమ్మె చేసిరి. వీధులలో చెత్త పేరుకొన్నది. అదే సంవత్సరమున ఉత్తరరామాయణము కూడ ప్రసారమగుట ఆరంభించినది. మన తెలుగువారు 1934లోను, మరల 1963లోను "లవకుశ"ను కన్నులార చూచియుండిరి గావున, ఆ కార్మికులు దేనికై పట్టుబట్టిరో మనకు వేరుగా చెప్పనక్కరలేదు. ఒక ధారావాహికపై ప్రేక్షకులు వెలిబుచ్చిన అభిప్రాయములలో ఇంతకంటె సూటియైన దానిని నేనెరుగను.

ఇక రేడియో మాట. ఇంట రేడియో ఉంచుకొన్నవారికి ఇది చెప్పక ముగించుట న్యాయము కాదు. 1996 ఫిబ్రవరినుండి ఒక సంవత్సరము పాటు ఆకాశవాణి "తిన్కా తిన్కా సుఖ్" అను హిందీ ధారావాహిక నాటకమును 104 భాగములుగా ప్రసారము చేసెను. అందు పూనమ్ అను నవవధువు కలదు. కట్నము చాలలేదని అత్తవారు ఆమెను హింసించి, లేని నింద మోపగా, ఆమె ఆత్మహత్య చేసికొనును. ఆకాశవాణికి ఎన్నో జాబులు వచ్చినవి. ఉత్తరప్రదేశములోని లుట్సాన్ అను గ్రామమునుండి 1996 డిసెంబరులో వచ్చినది మాత్రము జాబు వంటి జాబు కాదు. గోడకు వ్రేలాడదీయదగినంత పెద్ద కాగితము. రంగులతో వ్రాసినది. పూనమ్ మరణమునకు దుఃఖించుచు, ఇకపై కట్నము ఇచ్చుట గాని పుచ్చుకొనుట గాని చేయమని అందు ప్రతిజ్ఞ. క్రింద 184 మంది సంతకములు, వ్రేలిముద్రలు.

సంతకమునకు ప్రక్కనే వ్రేలిముద్ర ఉండుట గమనింపదగినది. అక్షరము రానివారు విమర్శకులుగా నమోదైన కాగితము మన ప్రసార చరిత్రలో ఇది. దానికి మొదట పూనుకొన్నవాడు ఆ ఊరి దర్జీ. నాటకమును అచట జనులు ఒంటరిగా విన్నది తక్కువ. పలువురు కలిసి విని, విన్న తరువాత వాదించుకొనిరి. వాదము ముదిరినచోటనే కాగితము పుట్టినది. నాటకశాలలోని కేక ఆటను మార్చుమన్నది. "హమ్ లోగ్" జాబు కథను మార్చుమన్నది. ఈ కాగితము మాత్రము, మేము మారుదుము అన్నది.

ఆ తరువాత పరిశోధకులు లుట్సాన్ వెళ్ళి చూచిరి. బడికి పోవు బాలికల సంఖ్య పెరిగియుండెను. కట్నము మాత్రము ఊరు విడిచి పోలేదు. సంతకము చేసిన చేతులకును పెండ్లి చేయవలసిన ఆడపిల్లలు ఉండిరి. మగపెండ్లివారు మరియొక ఊరివారు, వారు ఆ కాగితముమీద వ్రేలిముద్ర వేయలేదు.