కుటుంబపు పట్టీలో మొదటి పేరు

మీ సంఘములో కుటుంబముల పట్టీ పుస్తకమొకటి ఉండును. కాపరి బల్ల సొరుగులో, బాప్తిస్మముల పుస్తకము ప్రక్కన, అట్ట చినిగి ఉండును. అందులో ప్రతి పుటలోను మొదటి గడి కుటుంబ యజమానిది. ఆ గడిలో తండ్రి పేరు వ్రాయుదుము. దాని క్రింద భార్య, ఆ తరువాత పిల్లలు. నేను కాపరి పనిలోనికి వచ్చిన నాటినుండి అట్లే వ్రాసితిని. ఎవరును నన్ను అడుగలేదు, నేనును నన్ను అడుగుకొనలేదు.

కొంతకాలము క్రిందట ఉద్దానములోని ఒక గ్రామమునకు గృహదర్శనమునకు పోయినప్పుడు ఆ పుస్తకము నా సంచిలో ఉండెను. ఉదయము తొమ్మిది గంటలైనది. ఆ యింటి తల్లి తెల్లవారకమునుపే పలాసకు జీడి పనికి వెళ్లిపోయినది. ఆమె భర్త పొయ్యి దగ్గర గొంతుకూర్చుండి గంజి వార్చుచున్నాడు. అతడు మూత్రపిండముల వ్యాధి కలవాడు. వారమునకు రెండుసార్లు డయాలిసిస్‌కు పోవును. నన్ను చూచి గబాలున లేచి, గరిటె వీపు వెనుకకు దాచి, "అయ్యగారూ, అది లేదండి, పనికెల్లిపోనాది. నానేదో ఇలాగ..." అని మాట మింగివేసెను. చేయరాని పని చేయుచు పట్టుబడినవాని వలె నిలువబడెను. నేనైనను ఒక మంచి మాట చెప్పితినా? లేదు. "ఫరవాలేదు, ఆమె ఉన్నప్పుడు వచ్చెదను" అని వెనుకకు తిరిగితిని. ప్రార్థన చేయకయే వచ్చితినని సగము దారిలో జ్ఞాపకమునకు వచ్చినది.

ఆ సిగ్గు అతనికిని నాకును ఎక్కడినుండి వచ్చినదని చాలదినములు ఆలోచించితిని. తండ్రి సంపాదించును, తల్లి ఇంటిలోనుండి వండిపెట్టును అనునది ఆదినుండి వచ్చిన కట్టడ అని మనము తలంచుచున్నాము. సెమినరీలో నేను చదివిన పుస్తకములును ఇంచుమించుగా ఆలాగే చెప్పెను. అయితే మన తీరపు చరిత్ర ఆలాగు చెప్పుట లేదు. కొంచెము ఓపికపట్టి నాతో వెనుకకు రండి.

మన తాతముత్తాతల కాలములో టెక్కలి, సోంపేట ప్రాంతములు గంజాము జిల్లాలో ఉండెను. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఇవి మద్రాసు రాష్ట్రములోనే నిలిచి విశాఖపట్నము జిల్లాలో చేరెను. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము జిల్లా ఏర్పడెను. ఏ జిల్లాలో ఉన్నను భూమి జమీందారులది. వాన తప్పిన సంవత్సరము అప్పు, వాన కురిసిన సంవత్సరము ఆ అప్పునకు వడ్డీ. కాబట్టి మగవారు సముద్రము దాటిరి. కళింగపట్నము, బారువ, గోపాలపురము రేవులలో పొగఓడ యెక్కి బర్మాకు పోయిరి. రంగూను పట్టణమును మన పల్లెలలో రంగము అనిరి. మేస్త్రీ ఇచ్చిన బయానా రూకలు ఇంటిలో పెట్టి, ఒక గోనెసంచి, ఒక దుప్పటి తీసికొని పోయిరి. అక్కడ బియ్యపు మిల్లులలోను, ఓడరేవులో మూటలు మోయు పనిలోను మనవారే ఎక్కువ. కాకినాడ దగ్గరి కోరంగి రేవును బట్టి బర్మావారు తెలుగువారినందరిని కొరంగీలని పిలిచిరి. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను పట్టణములో సగమునకు పైగా భారతీయులే. తెలుగువారిలో స్త్రీలు బహు తక్కువ. పోయినవారు మగవారు, ఇక్కడ నిలిచినవారు ఆడువారు.

మన సంఘ చరిత్రయు ఈ ఓడదారిని బట్టియే నడిచినదని చాలమందికి తెలియదు. హన్నా మరియ నోరిస్ అను కన్యక 1870లో కెనడా దేశపు నోవాస్కోషియాలో స్త్రీల మిషను సహాయ సంఘములను మొదలుపెట్టి బర్మాకు పోయెను. తరువాత ఆర్మ్‌స్ట్రాంగు దొరగారిని వివాహమాడి మన చికాకోలులో, అనగా శ్రీకాకుళములో, పనిచేసెను. పిమ్మట ఆ దంపతులు మరల బర్మాకే పోయి అక్కడి తెలుగు, తమిళ కూలివారి మధ్య పరిచర్య సాగించిరి. మన తండ్రులు ఎక్కడికి పోయిరో అక్కడికే సువార్తయు పోయినది.

తండ్రి పోయిన యింటిలో ఏమి జరిగెను? మా నాయనమ్మ చెప్పగా నేను వినిన సంగతి వ్రాసెదను. మా తాత రంగము పోయినప్పుడు మా నాన్న ఆమె కడుపులో ఉండెను. పొలము కౌలు ఆమెయే మాటలాడెను. షావుకారుతో వడ్డీ లెక్క ఆమెయే చూచుకొనెను. గోడమీద బొగ్గుతో గీతలు గీసి లెక్క పెట్టెనట. స్త్రీ నాగలి పట్టరాదను ఆచారము గనుక దున్నుటకు మాత్రము మరిదిని బతిమాలుకొని, ఆ ఋణము అతని చేలో ఊడ్పులు ఊడ్చి తీర్చెను. మనియార్డరు వచ్చినప్పుడు వ్రేలిముద్ర వేసెను. ఉత్తరము వచ్చినప్పుడు మిషను బడి పంతులుగారు చదివి వినిపించెను. ఆయన ప్రతిసారి తన భార్యను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదివెనని మా నాయనమ్మ మెచ్చుకొనెడిది. నాలుగేండ్ల తరువాత మా తాత ఇల్లు చేరి పెట్టె దించగానే మా నాన్న తల్లి కుచ్చెళ్లలో దూరి, ఎవరో వచ్చినాడు పొమ్మనమని ఏడ్చెనట. మా తాత ఆ మాట చనిపోవువరకు మరువలేదు. ఆయన మంచివాడే, కాని తన యింటిలో ఎక్కడ కూర్చుండవలెనో ఆయనకు సరిగా తెలియలేదని నాకిప్పుడు తోచుచున్నది.

రంగము దారి శాంతముగా ముగియలేదు. 1930 మే నెలలో రేవులోని తెలుగు కూలివారు కూలి పెంచుమని సమ్మె కట్టగా, వారి స్థానమున బర్మావారిని పనిలో పెట్టిరి. సమ్మె తీరి మనవారు తిరిగి పనికి వచ్చిన దినమున కొట్లాట రేగి, పట్టణమంతట వ్యాపించి, మనవారు అనేకులు హతులైరి. 1941 డిసెంబరు 23న జపానువారి బాంబులు రంగూనుమీద పడెను. 1942లో లక్షలమంది భారతీయులు ఆరకాను దారినో అస్సాము కొండల దారినో నడిచి బయలుదేరిరి. కలరా చేతను, చలిజ్వరము చేతను, ఆకలి చేతను దారిలోనే ఎందరో రాలిపోయిరి. ఆ యేప్రిల్ 6న విశాఖపట్నముమీదను బాంబులు పడెను. అక్కడనుండి ఉత్తరము రాదు, ఇక్కడ నిద్ర పట్టదు. బొట్టు ఉంచుకొనవలెనో తీసివేయవలెనో తెలియక యేండ్ల తరబడి ఉండిన స్త్రీలను గూర్చి పెద్దలు చెప్పగా వింటిని. బర్మాలో మిగిలిన కుటుంబములలో చాల భాగము 1962 సైనిక ప్రభుత్వము తరువాత, 1964లో వ్యాపారములు జాతీయము చేయబడినప్పుడు, చేతులూపుకొనుచు తిరిగి వచ్చెను.

ఇల్లు నడుపుట నేర్చిన స్త్రీ వీధిలోనికి వచ్చుట ఆశ్చర్యము కాదు. 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీలో, గుడారి రాజమణిపురములో, అడవి కట్టెల విషయమై రైతులకును జమీందారుకును వచ్చిన తగాదాలో పోలీసులు కాల్పులు జరిపిరి. ముందు నిలిచి ప్రాణము విడిచినవారిలో గున్నమ్మ అను రైతు స్త్రీ ఉండెను. వీర గున్నమ్మ అని మన ప్రాంతములో నేటికిని చెప్పుకొందురు.

పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో అవ్వయైన లోయి విశ్వాసమును, తల్లియైన యునీకే విశ్వాసమును జ్ఞాపకము చేసికొనెను. తండ్రి గ్రీసు దేశస్థుడని అపొస్తలుల కార్యముల గ్రంథములో మాత్రము తెలిసికొనుచున్నాము. అతని విశ్వాసమును గూర్చి ఒక్క మాటయు లేదు. నేను సెమినరీలో ఈ భాగముమీద ప్రసంగము వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొంటిని. మా నాయనమ్మ సంగతి ఆ ప్రసంగములో లేదు. తిమోతి యిల్లు నాకు ఎక్కడో దూరపు దేశపు ఇల్లుగానే కనబడెను.

ఇప్పుడు మన కాలమునకు వచ్చెదము. 1890ల దశకములో రైలు వచ్చిన తరువాత పలాస పెరిగెను. కాశీబుగ్గ దానితో కలిసి ఒకే పట్టణమైనది. జీడిపప్పు దాని పేరును దూరదేశములకు మోసికొనిపోయినది. పిక్కలను కాల్చి లేదా ఆవిరిమీద ఉడికించి, పెంకు పగులగొట్టి, పప్పును ఆరబెట్టి, పొట్టు తీసి, గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు చేయుదురు. ఈ పనిలో ఎక్కువమంది స్త్రీలే. పెంకులోని నూనె చర్మమును తినివేయును. వ్రేళ్లు నల్లబడి పొరలు లేచును. ప్రభువు బల్ల యొద్ద రొట్టె అందుకొనునప్పుడు కొందరు సహోదరీలు చేతిని పైటకొంగులో సగము దాచుకొందురు. వారి పిల్లల బడి జీతములు ఆ వ్రేళ్లనుండియే వచ్చుచున్నవి.

మగవారి వలస ఆగలేదు, దారి మాత్రము మారినది. రంగమునకు బదులు ఖరగపురము, తరువాత విశాఖ, హైదరాబాదు, గల్ఫు దేశములు. మత్స్యకారులు గుజరాతు తీరమునకు వేటకు పోవుచున్నారు. 2018 చివర అక్కడ సరిహద్దు దాటిరని పాకిస్తానువారు పట్టుకొన్న మన ఉత్తరాంధ్ర మత్స్యకారులలో ఇరువదిమంది 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలైరి. ఆ పదునాలుగు నెలలు వారి భార్యలు పిల్లలను చంకబెట్టుకొని నాయకుల చుట్టును అధికారుల చుట్టును తిరిగిరి. ఆ సంవత్సరమే, 2018 అక్టోబరు 11న, తిత్లీ తుపాను ఉద్దానము మీద పడి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చెను. తాత నాటిన చెట్టు ఒక్క రాత్రిలో పడిపోగా, కొత్త మొక్క కాపునకు వచ్చువరకు కుటుంబము ఏమి తినవలెను? ఇంకను కొందరు తండ్రులు రైలెక్కిరి.

దీనికి తోడు మూత్రపిండముల వ్యాధి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో ఈ వ్యాధి లేని గ్రామము వెదకవలెను. పరిశోధకులు నీటిని, నేలను, ఎండలో చేయు కష్టమును పరీక్షించిరి గాని ఒక్క కారణమును నిశ్చయముగా చూపలేదు. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు ప్రారంభమైనవి. స్త్రీలకును ఈ వ్యాధి వచ్చుచున్నది. అయినను పొలములో కష్టించు మగవారిలో అధికముగా కనబడుచున్నది. అందుచేత నూరేండ్లు తండ్రి దూరముగాను తల్లి ఇంటను ఉండిన మన తీరములో, ఇప్పుడు అనేక గృహములలో తండ్రి ఇంటను తల్లి బయటను ఉన్నారు. అతడు పిల్లకు జడ వేయుచున్నాడు, బడి కూటమునకు పోవుచున్నాడు, అన్నము వండుచున్నాడు. ఇది తెలిసికొని ఏర్పరచుకొన్న మార్పు కాదు, రోగము తెచ్చినది. అయినను ఆ పిల్లలకు తమ తండ్రి ముఖము తెలియును. మా నాన్నకు నాలుగేండ్లవరకు తెలియలేదు.

తల్లులను పొగడి ఊరకుండుట నాకు ఇష్టము లేదు. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, సాయంత్రము వరకు పిక్కలు కొట్టి, వచ్చి మరల నీళ్లు మోయు స్త్రీని త్యాగమూర్తి అని ప్రసంగపీఠము మీదనుండి పిలుచుట సులభము. ఆమె భర్త ఆరోగ్యముగానుండి సారా దుకాణము దగ్గర కూర్చున్నయెడల, ఆ పొగడ్త అతనికే ఉపకారము చేయును. ఇట్టివారు మన సంఘములలోను ఉన్నారు, దాచి ప్రయోజనమేమి? రోగముతోనుండియు గంజి వార్చినవాడు సిగ్గుపడెను. వీరు సిగ్గుపడుట నేను చూడలేదు.

యోహాను సువార్త కడపటి అధ్యాయమును మరల చదువుడి. శిష్యులు రాత్రియంతయు వల వేసి అలసి దరికి వచ్చిరి. మన తీరములో వేటనుండి వచ్చిన మగవానికి స్త్రీ వండిపెట్టును. తిబెరియ సముద్రతీరమున తెల్లవారుచుండగా నిప్పులు చేసి, చేపయు రొట్టెయు సిద్ధపరచినవాడు ఎవరు? మృతులలోనుండి లేచిన ప్రభువే. ఇది ఎన్నిమార్లు చదివితినో లెక్కలేదు. ఆ గరిటె దాచిన సహోదరుని చూచిన తరువాతనే నా కన్నులకు కనబడెను.

మరుసటి నెల ఆ యింటికి మరల పోయితిని. ఈసారి సాయంకాలము, ఇద్దరును ఉండిరి. యోహాను సువార్తలోని ఆ భాగమే చదివి, అతనిని ప్రార్థన చేయుమంటిని. చాలసేపు ఊరకుండి, పిల్లల పేర్లు ఒక్కొక్కటి చెప్పి, భార్య వ్రేళ్ల కొరకు ప్రార్థించెను. తరువాత నేను పట్టీ పుస్తకము తీసితిని. ఆమె నా భుజము మీదుగా చూచి, "అయ్యగారూ, చందా పుస్తకంలో నా పేరే ఉంటాది. రేషను కార్డులో నా పేరే ముందుంటాది. ఇందులో మాత్రం లేదేటండి?" అని అడిగెను. నిజమే. 2013 ఆహార భద్రతా చట్టము ప్రకారము రేషను కార్డులో ఇంటి పెద్దగా పెద్ద స్త్రీ పేరే వ్రాయవలెను. నేను కలము తీసి ఆయన పేరు మీద గీత పెట్టబోగా, ఆమె నా చెయ్యి ఆపెను. "ఆయన పేరు కొట్టీయకండి. పక్కన నాది ఎట్టండి."

గడి ఒక్కటే ఉన్నది, ఇరుకుగానున్నది. ప్రస్తుతమునకు పెన్సిలుతో వ్రాసియుంచితిని. సంక్రాంతి తరువాత మా పెద్దల కూటము జరుగును. కొత్త పుస్తకము అచ్చు వేయించవలెనా, ఆ గడికి ఏమి పేరు పెట్టవలెను అనునది వారి యెదుట ఉంచెదను. మీ సంఘములో ఎట్లు వ్రాయుచున్నారో నాకు ఒక కార్డు ముక్క వ్రాయుడి.