గడీ లేని నేలకు నవల: దాశరథి రంగాచార్య కథన పద్ధతి, మేడ్చల్-శామీర్‌పేట ప్రాంతం

తెలంగాణ నవల అనగానే చాలామంది పాఠకుల కళ్లకు గడీ కడుతుంది. ఎత్తైన గోడ, పెద్ద దర్వాజ, లోపల దొర, బయట వెట్టికి వచ్చి నిలబడ్డ జనం. ఈ దృశ్యానికి దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' ఇచ్చిన బలం అంతటిది. అయితే హైదరాబాద్‌కు ఉత్తరాన ఉన్న మేడ్చల్ తాలూకా చరిత్ర ఈ దృశ్యంలో పూర్తిగా ఇమడదు. నిజాం కాలంలో అది అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలోది, సర్ఫెఖాస్ ఇలాకా. అక్కడి శిస్తు సర్కారు ఖజానాకు కాక నిజాం సొంత ఖర్చులకు వెళ్లేది. 1949లో సర్ఫెఖాస్ రాష్ట్రంలో కలిసేదాకా ఆ భూముల అసలు యజమాని రైతు కంటికి ఆనేవాడు కాదు. ఊళ్లో కనిపించిన అధికారం ఊరి లెక్కలు రాసే పట్వారీది, రెవెన్యూ తనిఖీకి వచ్చే గిర్దావరుది, వాళ్ల దస్తరాలది. ఇలాంటి నేల మీద నవల రాయదలచినవారికి రంగాచార్య నుంచి అందేదేమిటి? ఆయన వస్తువుకన్నా పద్ధతే ఎక్కువ ఉపయోగపడుతుందని ఈ వ్యాసం వాదన.

ఆ పద్ధతి ఒక అసంపూర్తి పని నుంచి మొదలైంది. వట్టికోట ఆళ్వారుస్వామి తెలంగాణ ప్రజాజీవితాన్ని వరుస నవలలుగా రాయాలనుకున్నారు. 'ప్రజల మనిషి' వచ్చింది. 'గంగు' పూర్తికాకముందే 1961లో ఆయన కన్నుమూశారు. ఆ ప్రణాళికను రంగాచార్య తన భుజాన వేసుకున్నారు. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి ముందటి రోజులు 'చిల్లర దేవుళ్లు'లో, పోరాట కాలం 'మోదుగుపూలు'లో, ఆ తర్వాతి జీవితం 'జనపదం'లో చెప్పారు. నవలాకారుడి ఎదుగుదలను సాధారణంగా సొంత గొంతు వెతుక్కోవడంగా వివరిస్తాం. రంగాచార్య విషయంలో జరిగింది ఇంకొకటి. ఆయన మరొకరి బాకీ తీర్చబోయి తన గొంతు సంపాదించారు. ఎందుకు రాస్తున్నానన్న ప్రశ్నకు జవాబు ముందే ఉండటంతో, ఎలా రాయాలన్న దాని మీద మనసు పెట్టగలిగారని నాకనిపిస్తుంది. ఆళ్వారుస్వామి, రంగాచార్య అన్న కృష్ణమాచార్య నిజామాబాద్ జైలులో కలిసి ఖైదులో ఉన్నారు. తెలంగాణ నవల పుట్టుకలో ఆ సహవాసానికి దక్కాల్సిన చోటు ఇంకా దక్కలేదు.

'చిల్లర దేవుళ్లు'లో అన్నిటికన్నా ముఖ్యమైన శిల్ప నిర్ణయం సారంగపాణి. విజయవాడ వైపు నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన సంగీతకారుడు అతడు. దేశ్‌ముఖ్ రామారెడ్డి కొలువులో పాడతాడు, కూతురు మంజరికి సంగీతం నేర్పుతాడు, గడీలో దాసిగా బతికే ఆడబాప వనజ బతుకు చూస్తాడు. రంగాచార్య 1928లో చిన్నగూడూరులో పుట్టారు. ఈ జీవితం ఆయనకు చిన్ననాటి నుంచీ తెలుసు. అయినా కథలోకి కొత్తవాణ్ణి తీసుకొచ్చారు. ఊరివాళ్లకు అలవాటైపోయిన అన్యాయం కొత్తవాడి కంటికి అన్యాయంగానే కనిపిస్తుంది. అతడు ఉలిక్కిపడ్డ ప్రతిచోటా పాఠకుడూ ఉలిక్కిపడతాడు. అంతేకాదు, పాణి గడీ అన్నం తింటున్నవాడు. అతని జాలికి ఆ రుణం అడ్డు పడుతుంటుంది. చూసేవాణ్ణి పూర్తి నిర్దోషిగా నిలబెట్టకపోవడం వల్లే ఆ పాత్ర వట్టి కెమెరాగా మిగిలిపోలేదని నేననుకుంటాను.

రెండో విషయం కాలదూరం. హైదరాబాద్ రాజ్యాన్ని భారత్‌లో కలిపిన పోలీసు చర్య నాటికి ఆయనకు ఇరవయ్యేళ్లు. నిజాం వ్యతిరేక పోరాటంలో స్వయంగా పాల్గొన్నవారు. 'చిల్లర దేవుళ్లు'కు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది 1971లో, అంటే నలభై దాటాక. ఈ రెంటి మధ్య కాలంలో సికింద్రాబాద్ పురపాలనలో ఉద్యోగం చేశారు. ఆత్మకథ 'జీవనయానం' నవలల తర్వాతే వచ్చింది. ముందు ఊరు, తర్వాత తాను: ఈ వరుస ఆయన వ్యక్తిత్వానికి గుర్తు. నాలుగు వేదాలనూ తెలుగులోకి తెచ్చిన రంగాచార్యను, పోరాటం రాసిన రంగాచార్యను విడదీసి ఇద్దరు మనుషులుగా చూసేవారున్నారు. నాకు అలా తోచదు. కొద్దిమంది గుప్పిట్లో ఉన్నదాన్ని అందరి ముందూ పెట్టాలన్న పట్టుదల రెండు చోట్లా ఒకటే.

ఈ పద్ధతిని పట్టుకుని ఇప్పుడు మేడ్చల్ పక్కనున్న శామీర్‌పేట వైపు చూద్దాం. 1990ల చివరి నుంచి ఇక్కడ నేల మీద రాత మారిన వేగం అసాధారణం. 1998లో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. తుర్కపల్లి చుట్టూ జీనోమ్ వ్యాలీ టీకాల కంపెనీలు, ప్రయోగశాలలు లేచాయి. 2008లో బిట్స్ పిలానీ ప్రాంగణం మొదలైంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు శామీర్‌పేట, మేడ్చల్‌లను తాకుతూ పోయింది. 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది, అంతాయిపల్లిలో కలెక్టరేటు వెలిసింది. ఈ మార్పులో కూడా యజమాని ఊళ్లో ఉండడు. ఉండేది వెంచరు బోర్డు, హద్దురాయి, పహాణీ (భూమి రికార్డు) నకలు, రిజిస్ట్రేషను తేదీ. చెరువు శిఖం (నీళ్లు నిలిచే భూమి) ఎక్కడ ఆగి పట్టా ఎక్కడ మొదలవుతుందో తేల్చేది కూడా కాగితమే. దొరకు ఎదురుతిరగడం ప్రాణాంతకమే, కానీ ఎవరికి ఎదురుతిరగాలో తెలుసు. ఇక్కడి పాత్రకు ఆ తెలియడమే కష్టం. కాబట్టి గడీ నవలలోని ముఖాముఖి ఘట్టాన్ని తెచ్చి ఇక్కడ అతికిస్తే అబద్ధమవుతుంది. ఉద్రిక్తతను దస్తరంలోంచే పుట్టించాలి. ఒక సర్వే నంబరు మూడు తరాల చేతులు మారిన క్రమమే కథకు వెన్నెముక కావచ్చు.

రంగాచార్య మూడు నవలల కాలవిభజన కూడా ఇక్కడ పనికొస్తుంది. సర్ఫెఖాస్ రోజులు, విలీనం తర్వాతి సేద్యం, ఔటర్ వచ్చాక అమ్మకాలు: మూడు నవలలకు సరిపడా నేల ఇది. పాణి లాంటి కొత్తవాడి కోసం వెతకనక్కర్లేదు. ప్రయోగశాలలో చేరిన యువతి ఉంది, కాలేజీ హాస్టల్లో వంట చేసే వలస కార్మికుడున్నాడు, పొలం అమ్మిన చోటే కాపలా కాస్తున్న పాత రైతున్నాడు. ఈ ముగ్గురిలో రైతునే నేను ఎంచుకుంటాను. సొంత ఊళ్లోనే కొత్తవాడైన మనిషి చూపు పాణి చూపుకన్నా లోతుకు పోగలదు. పైగా ఆ జీతం అన్నం తింటున్నాడు గనుక రుణపు ముడీ అతనికి ఉంది.

భాష సంగతి మిగిలింది. రంగాచార్య పాత్రలతో తెలంగాణ మాట మాట్లాడించారు. ఉర్దూ బాగా తెలిసినవారు కనుక, 'ఉమ్రావ్ జాన్ అదా'ను తెలుగు చేసినవారు కనుక, దఫ్తరు మాటలు ఆయన చేతిలో సహజంగా ఒదిగాయి. మేడ్చల్ రైతు నోట ఇవాళ్టికీ పహాణీ, శిఖం, బందోబస్తు వినిపిస్తాయి. వాటి పక్కనే ప్లాటు, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తి నీటిమట్టం), డాక్యుమెంటు వచ్చి చేరాయి. ఈ రెండు పొరలనూ శుభ్రం చేయకుండా, ఎవరి నోట ఏ మాట ఎప్పుడు పడుతుందో చెవి పెట్టి విని రాయాలి. రైతు తన భూమిని 'చెల్క' అనడం మానేసి 'సైటు' అని మొదటిసారి అన్న రోజు ఆ మూడో నవలలో ఒక అధ్యాయం అవుతుంది.