పొగ తిప్పే చక్రం

రామగిరి మండలం సెంటినరీ కాలనీ చుట్టుపక్కల ఓపెన్ కాస్ట్ గనుల్లోంచి డంపర్ నిండు లోడుతో పైకెక్కుతుంటే, ఇంజన్ మోతలో సన్నని ఈల ఒకటి వినిపిస్తుంది. అది ఇంజన్‌లోకి గాలిని వత్తి పంపే టర్బోచార్జర్ చప్పుడు. గని రోడ్డు వాలు మామూలుగా 16 అడుగులకు ఒక అడుగు మించకూడదని నిబంధన. ఆ వాలు మీద 100 టన్నులు మోసే బండికి డీజిల్ ఎంత ముఖ్యమో గాలీ అంతే ముఖ్యం. గాలి చాలకపోతే ఎంత డీజిల్ పోసినా మిగిలేది నల్లపొగే.

బయటికి పోయే వేడిపొగతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీది రెండో చక్రంతో గాలిని వత్తి సిలిండర్లలోకి పంపవచ్చని స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. అంత వేడినీ వేగాన్నీ తట్టుకునే చక్రాలు కుదరడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1920లలో జర్మన్ ఓడల ఇంజన్లు ఆ పద్ధతితోనే 1,750 హార్స్ పవర్ నుంచి 2,500కు ఎగబాకాయి.

ఈలోగా 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ ఒక విమానం ఇంజన్‌ను 14,000 అడుగుల పైక్స్ పీక్ కొండ మీదికి ఎక్కించాడు. పల్చని గాలికి మూడో వంతుకు పైగా శక్తి పడిపోయింది. టర్బో బిగించగానే నేల మీద ఇచ్చిన 350 హార్స్ పవర్ మళ్లీ వచ్చింది.

బొగ్గుబాయి జనానికి ఇంకా దగ్గరి కథ 1952 ఇండియానాపొలిస్ కార్ల పందేనిది. కమిన్స్ డీజిల్ కారు టర్బోతో పందెం మొదలయ్యే చోట అందరికంటే ముందు నిలబడే తొలి స్థానం కొట్టేసింది. పందెంలో మాత్రం 71 చుట్లకే ఆగింది. గాలి పీల్చే నోరు కిందికి ఉండటంతో రోడ్డు మీది టైరు రబ్బరు ముక్కలు టర్బోలో ఇరుక్కున్నాయి. దుమ్ము ఎగిరే ఈ ప్రాంతంలో ఎయిర్ ఫిల్టర్ బాగోగులు చూసుకోకుండా టర్బో మాట ఎత్తడం ఎందుకు దండగో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు.

సొంత కారుకు టర్బో ఎంచుకునేవారు చాలామంది పెద్దదాని మీదే మనసు పడతారు. అక్కడే దెబ్బ తింటారు. 1,248 సీసీ ఇంజన్ నిమిషానికి 4,000 తిరుగుళ్లలో మామూలుగా పీల్చే గాలి దాదాపు 2,500 లీటర్లు. దానికి బరువైన చక్రం తగిలిస్తే పొగ చాలక అది ఆలస్యంగా లేస్తుంది. ఓవర్‌టేక్ చేసేటప్పుడు పికప్ దొరకదు. మరీ చిన్నది పెడితే కింది వేగంలో హుషారుగా లాగినా, పైవేగంలో గాలి చాలదు, చక్రం హద్దు మీరి తిరుగుతుంది.

ఈ చిక్కుకు మనం రోజూ చూసే జవాబు ఫియట్ నుంచి వచ్చిన 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్. మారుతి స్విఫ్ట్‌లో మామూలు టర్బోతో 75 పీఎస్ శక్తి ఇచ్చిన ఇంజనే, ఎర్టిగాలో వేరియబుల్ జామెట్రీ టర్బోతో 90 పీఎస్ ఇచ్చింది. పొగ తక్కువున్నప్పుడు చక్రం చుట్టూ ఉన్న రేకులు దారిని ఇరుకు చేసి దాన్ని జోరుగా కొడతాయి. పొగ పెరిగాక తెరుచుకుంటాయి.

టర్బో లేని బండికి బయట బిగించుకోవాలంటే, పీడనం పెరిగితే గాలి వేడెక్కుతుంది కాబట్టి దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్ సాధారణంగా కావాలి. హెడ్ గాస్కెట్, పిస్టన్లు, క్లచ్ కూడా ఆ భారం మోయగలవా అన్నది ముందే తేల్చుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధమైన మార్పులను ఒప్పుకోదు. రోడ్డు మీద తిరిగే బండికి కంపెనీయే బిగించిన టర్బో ఉన్న మోడల్ కొనుక్కోవడమే తెలివైన పని. దాన్ని గట్టిగా తోలాక ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపితే, ఆయిల్ పారి ఇరుసు చల్లబడుతుంది.