రెండువందల ఏళ్ల నాటి కాలేజీ కబుర్లు

సావనీరు కమిటీ వారు చరిత్ర వ్యాసం రాయమన్నప్పుడు "మన బడి చరిత్రేనా?" అని అడిగాను. అది మన మాస్టార్లు ఇద్దరు రాస్తున్నారట. "నువ్వు ఊళ్లు తిరిగినవాడివి, బయటి సంగతేదైనా రాయి, అయితే చదువుకి సంబంధించినదై ఉండాలి" అన్నారు. ఆ వెసులుబాటు చూసుకుని సెరంపూర్ కాలేజీ గురించి రాస్తున్నాను. చివరికి మన బడి దగ్గరికే వస్తాను, కంగారు పడకండి.

మన ఊరి చర్చి ముందున్న బోర్డు చాలామందికి గుర్తుండే ఉంటుంది. పాస్టరుగారి పేరు తర్వాత "బి.డి., సెరంపూర్" అని తెల్ల రంగుతో రాసి ఉండేది. రోజూ దాని ముందు నుంచే బడికి వెళ్లేవాళ్లం. సెరంపూర్ ఎక్కడుందని ఎవరం ఎవరినీ అడగలేదు. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు కలకత్తాలో ఉన్నప్పుడు తెలిసింది, అది హౌరా నుంచి లోకల్ రైల్లో వెళ్లి వచ్చేంత దగ్గరని. బెంగాలీలు శ్రీరాంపూర్ అంటారు. హుగ్లీ నది పడమటి ఒడ్డున ఉంటుంది. ఒకప్పుడు డెన్మార్క్ వాళ్ల ఊరు.

ఆ డెన్మార్క్ సంగతే లేకపోతే ఈ కథే లేదు. ఈస్టిండియా కంపెనీ తన ఇలాకాలో మిషనరీలను ఉండనిచ్చేది కాదు. అందుకని 1800లో విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ అనే ముగ్గురు ఇంగ్లీషువాళ్లు డేనిష్ జెండా కింద చేరారు. కేరీ ఇంగ్లండులో చెప్పులు కుట్టినవాడు. మార్ష్‌మన్ బడిపంతులు. వార్డ్ అచ్చు పనివాడు. ముగ్గురి కుటుంబాలూ ఒకే భోజనాల బల్ల దగ్గర తినేవి, సంపాదన అంతా ఒకే పెట్టెలో వేసేవారు. ఆ పెట్టెలోకి వచ్చే డబ్బులో మార్ష్‌మన్ భార్య హన్నా నడిపిన బోర్డింగు స్కూళ్ల వాటా చిన్నదేమీ కాదు. పుస్తకాల్లో ముగ్గురు మగవాళ్ల బొమ్మలే వేస్తారు గానీ, నెల నెలా ఖర్చులు గడిచిన దారి చూస్తే ఆవిడ బొమ్మ కూడా పక్కన ఉండాలి.

కాలేజీ కంటే ముందు అక్కడ అచ్చాఫీసు వచ్చింది. అక్షరాల అచ్చులు చెక్కింది పంచానన్ కర్మకార్ అనే కమ్మరి. ఆయన 1804లో పోయాక ఆ పని అల్లుడు మనోహర్ అందుకున్నాడు. ఉక్కు ముక్క కొసన ఒక్కో అక్షరాన్ని తిరగేసి చెక్కాలి. దాన్ని రాగిలో కొట్టి గుంట చేయాలి. ఆ గుంటలో సీసం పోసి అచ్చు అక్షరం తీయాలి. గుణింతాలూ ఒత్తులూ ఉన్న మన లిపికి ఇంగ్లీషుకి పట్టే దానికి ఎన్నో రెట్ల ముక్కలు కావాలి. నేను డ్రాయింగు బోర్డు మీద పనిచేసిన చివరి తరం ఇంజనీర్లలో ఒకణ్ణి. అయినా ఆ చేతిపని తలుచుకుంటే నాకు చెమటలు పడతాయి.

అలా తయారైన తెలుగు అక్షరాలతో అక్కడ ఏం వేశారో చూడండి. విశాఖపట్నంలో అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే మిషనరీ, ఆనందరాయలనే తెలుగు బ్రాహ్మణుడి సాయంతో సువార్తలు తెలుగు చేయడం మొదలుపెట్టాడు. 1810లో ఆయన చనిపోయాడు. ఆ రాతప్రతి సెరంపూర్ చేరి 1812లో పుస్తకమైంది. విశాఖలో రాసింది బెంగాల్లో అచ్చయిందన్నమాట.

ఆ 1812లోనే మార్చి 11 సాయంత్రం అచ్చాఫీసుకు నిప్పంటుకుంది. రెండువందల అడుగుల పొడవైన షెడ్డు, నిండా కాగితం. వార్డూ మార్ష్‌మనూ వెంటనే తలుపులు కిటికీలు మూయించి, కప్పు మీది నుంచి కన్నం చేసి నీళ్లు పోయించారు. ఇంజనీరుగా చెబుతున్నాను, అంతకంటే మంచి ఆలోచన అప్పటికి ఇంకొకటి లేదు. గాలి అందక మంట అణగిపోతూ ఉండేది. ఇంతలో ఎవరో సాయం చేద్దామని కిటికీలు తెరిచారు. అంతే, మొత్తం అంటుకుంది. అర్ధరాత్రికి కప్పు కూలిపోయింది. కేరీ ఆ రాత్రి కలకత్తాలో ఉన్నాడు. తెల్లారి మార్ష్‌మన్ వెళ్లి కబురు చెప్పాడు.

కాలిపోయిన రాతప్రతుల్లో కేరీ రాసుకున్న తెలుగు వ్యాకరణం ఒకటి. అనేక భారతీయ భాషల మాటలను పక్కపక్కన పెట్టి తయారుచేస్తున్న పెద్ద నిఘంటువు ఇంకొకటి. నిఘంటువు మళ్లీ రాలేదు. వ్యాకరణం మాత్రం తిరిగి రాసి 1814లో అచ్చు వేశాడు. ఎలా సాధ్యమైందంటే, బూడిద కెలికితే ఉక్కు అచ్చులూ గుంటలూ చెడకుండా దొరికాయి. కరిగి ముద్దయిన సీసాన్ని మళ్లీ కరిగించి, వంతులు వేసుకుని రాత్రింబవళ్లు అక్షరాలు పోతపోశారు. పక్కనే అప్పుడే ఖాళీ అయిన గోదాములో ప్రెస్సులు పెట్టుకున్నారు. ఇంగ్లండు, స్కాట్లండులలో ఈ కబురు తెలిసి రెండు నెలల లోపే పదివేల పౌన్ల చందా పోగైంది. ఇక పంపొద్దని చెప్పాల్సి వచ్చిందట. చందాల కోసం తిరిగే మన సంఘం కార్యదర్శిగారు ఈ వాక్యం రెండుసార్లు చదువుకుంటారు.

ఆ వ్యాకరణం గురించి ఒక పక్కమాట. తెలుగు సంస్కృతం నుంచే పుట్టిందన్నది కేరీ నమ్మకం. 1816లో మద్రాసులో ఎఫ్.డబ్ల్యూ. ఎల్లిస్ ఆ మాటను ఖండిస్తూ, తెలుగు, తమిళం, కన్నడం వేరే కుటుంబమని ఉదాహరణలతో చూపించాడు. తప్పో ఒప్పో, అచ్చులో ఉంటేనే కదా ఎవరైనా ఖండించగలిగేది.

ఇక కాలేజీ. 1818 జూలైలో ప్రణాళిక ప్రకటించారు. మొదట చేరింది 37 మంది. క్రైస్తవుల పిల్లలే కాక ఊళ్లోని హిందువుల పిల్లలూ ఉన్నారు. సంస్కృతమూ చదవాలి, యూరప్ సైన్సూ చదవాలి, పాఠం మాత్రం పిల్లల భాషలో చెప్పాలన్నది వాళ్ల పద్ధతి. తర్వాత 1833లో రాసుకున్న నిబంధనల్లో కులం, రంగు, దేశం ఏదీ కాలేజీలో చేరడానికి అడ్డు కాకూడదని పెట్టారు. 1821లో వచ్చిన జాన్ మాక్ అనే స్కాట్లండు మాస్టారు కెమిస్ట్రీ పాఠాలు చెప్పేవాడు. ఆయన రసాయన శాస్త్ర పుస్తకం 1834లో బెంగాలీలో వచ్చింది. తెలుగు మీడియంలో సైన్సు కుదరదని మనకు చెప్పినవాళ్లు ఎందరో! వాళ్లకోసం ఈ సంవత్సరం ఇక్కడ వేశాను.

అదే 1818 మే 23న 'సమాచార్ దర్పణ్' అనే బెంగాలీ వారపత్రిక అక్కడి ప్రెస్సు నుంచే మొదలైంది. అలా ఊరి కబుర్లు, కాలేజీ కబుర్లు అచ్చులోకి ఎక్కే అలవాటు ఆ ఆవరణలో మొదటి నుంచీ ఉంది. పత్రికలు, ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు నిలిచాయి కాబట్టే అక్కడ ఏ రోజు ఏం జరిగిందో ఇవాళ మనం చెప్పుకోగలుగుతున్నాం.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కబురు 1820 నాటిది. అచ్చాఫీసుకు కాగితం కావాలి. దేశవాళీ కాగితాన్ని పురుగులు తినేసేవి. సొంతంగా కాగితపు మిల్లు పెట్టారు. గుజ్జు దంచే యంత్రాన్ని కూలీలు వంతులవారీగా కాళ్లతో తొక్కి తిప్పేవారు. ఆ చక్రంలో నలిగి ఒక కూలీ చనిపోయాడు. దాని తర్వాత ఇంగ్లండులోని బోల్టన్ నుంచి పన్నెండు హార్స్‌పవర్ ఆవిరి యంత్రం తెప్పించారు. మన దేశంలో బిగించిన మొట్టమొదటి ఆవిరి యంత్రం అదేనని వాళ్ల చరిత్ర రాసినవారు అంటారు. జనం నిప్పు మిషనని పేరు పెట్టి తండోపతండాలుగా చూడడానికి వచ్చేవారు. దాన్ని నడిపే మిస్త్రీ వాళ్ల ప్రశ్నలకు విసిగిపోయేవాడట. పుట్టి బుద్ధెరిగాక ఆవిరి యంత్రం చూడని తెల్లవాళ్లు కూడా నమూనా గీసుకోవడానికి వచ్చారు. మా ఇంజనీరింగు కాలేజీలో ఆవిరి యంత్రం గురించి ఆరు నెలలు చెప్పారు గానీ ఆ కూలీ గురించి ఎవరూ చెప్పలేదు.

1823 మంచి సంవత్సరం కాదు. మార్చిలో వార్డ్ కలరాతో పోయాడు. అక్టోబరులో దామోదర్ నది వరద ఊరిని ముంచింది. అప్పటికే కేరీ పడవ దిగుతూ కాలు దెబ్బ తగిలించుకుని మంచం మీద ఉన్నాడు. ఏళ్ల తరబడి పెంచిన వృక్షశాస్త్ర తోట నీట మునిగింది. గట్టు కోసుకుపోతుంటే ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. నీళ్లు తీశాక మళ్లీ మొక్కలు నాటడం మొదలుపెట్టాడు. ఇంకొక కబురు 1829 డిసెంబరుది. సతీసహగమనాన్ని నిషేధించే శాసనాన్ని బెంగాలీలోకి మార్చమని ప్రభుత్వం నుంచి కాగితం వచ్చింది. ఆ రోజు ఆదివారం. కేరీ ప్రసంగం వేరేవాళ్లకు అప్పగించి, పండితుణ్ణి కూర్చోబెట్టుకుని సాయంత్రానికి అనువాదం పూర్తిచేశాడు. ఒక్కరోజు ఆలస్యమైనా ఎందరు ఆడవాళ్ల ప్రాణాలు పోతాయోనని ఆయన తొందర.

ఇప్పుడు చార్టరు సంగతి. మార్ష్‌మన్ కోపెన్‌హాగన్ వెళ్లి రాజు ఆరవ ఫ్రెడరిక్‌ను కలిశాడు. 1827 ఫిబ్రవరి 23న రాజు సంతకం పెట్టాడు. కోపెన్‌హాగన్, కీల్ విశ్వవిద్యాలయాల లాగే డిగ్రీలిచ్చే అధికారం ఈ కాలేజీకి వచ్చింది. కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలు పుట్టింది 1857లో. అంటే వాటికంటే ముప్పై ఏళ్లు ముందు. నది వైపు స్తంభాలతో నిలబడ్డ పెద్ద భవనం, లోపల పోత ఇనుప మెట్లు, చేతిలో రాజుగారి పత్రం. అయితే 1830 నుంచి కలకత్తాలో పామర్ కంపెనీ మొదలుకుని వ్యాపార సంస్థలు వరసగా దివాలా తీశాయి. కాలేజీ నిధులు వాటితోపాటు పోయాయి. 1834లో కేరీ, 1837లో మార్ష్‌మన్ చనిపోయారు. 1845లో డెన్మార్క్ ఆ ఊరినీ తరంగంబాడినీ కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకు ఇంగ్లీషువాళ్లకు అమ్మేసింది. కాలేజీ హక్కులు అలాగే ఉండాలన్న షరతు మాత్రం ఒప్పందంలో రాయించారు.

హక్కులు ఉన్నాయి, డిగ్రీలు లేవు. 1883లో ఆర్ట్స్ క్లాసులే మూసేశారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జార్జ్ హోవెల్స్ ప్రిన్సిపాలుగా వచ్చి, ఆ పాత చార్టరును బయటికి తీసి, దానికి ప్రాణం ఉందని పట్టుబట్టాడు. 1911లో ఆర్ట్స్ క్లాసులు మళ్లీ మొదలయ్యాయి. 1915లో ముగ్గురు విద్యార్థులకు బి.డి. పట్టాలిచ్చారు. పత్రం వచ్చిన 88 ఏళ్లకు మొదటి పట్టా! 1918లో బెంగాల్ ప్రభుత్వం చట్టం చేసింది. మన పాస్టరుగారి బోర్డు మీద ఉన్నది ఆ పట్టాయే. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాదు చేరిన ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ విద్యార్థులకు కూడా సెరంపూర్ నుంచే డిగ్రీ వస్తుంది.

నేను వెళ్లిన రోజు ఆ ఆవరణలో ఏ విశేషమూ లేదు. నోటీసు బోర్డు మీద పరీక్ష ఫీజు ఆఖరు తేదీ, హాస్టలు బకాయిలు, ఫుట్‌బాల్ టీము ఎంపిక. ఒక కుర్రాడు సైకిలు గోడకి ఆనించి అవి చదువుకుంటున్నాడు. కేరీ పేరున ఉన్న లైబ్రరీలో పాత పుస్తకాలు బీరువాల్లో భద్రంగా ఉన్నాయి. బయట పరీక్ష ఫీజు, లోపల పద్దెనిమిది వందల నాటి అచ్చు. రెండూ ఒకే సంస్థ కబుర్లే కదా అనిపించింది.

మన బడికి వస్తాను. స్వర్ణోత్సవ నిధితో స్వాగత ద్వారం కట్టాలని సంఘం అనుకుంటోంది. ద్వారానికి నేను వ్యతిరేకిని కాను, డిజైను కూడా ఉచితంగా గీసిస్తాను. అయితే కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు స్టాఫ్ రూము వెనక గదిలో చెక్క బీరువా తెరిచి చూశాను. అడ్మిషన్ రిజిస్టర్లు, హెడ్మాస్టర్ల లాగ్ బుక్కులు, ఇన్‌స్పెక్టర్లు రాసిన రిమార్కులు, అటెండరు క్లాసు క్లాసుకీ తెచ్చి చదివించే నోటీసు పుస్తకాలు. మూడో అరలోకి చెదలు వచ్చాయి. పై అరలో వాన నీరు దిగి కొన్ని పుస్తకాలు అట్టలా అంటుకుపోయాయి. విడిగా ఉన్న ఒక నోటీసు పుస్తకంలో తుపాను వల్ల బడికి సెలవు, చేతిపంపు బాగుచేసేవరకు పిల్లలు సీసాల్లో నీళ్లు తెచ్చుకోవాలి, పదో తరగతి వాళ్లకు రాత్రి స్టడీ అవర్సులో లాంతర్లు ఎవరు తేవాలి అని వరసగా ఉన్నాయి. కింద మాస్టార్లందరి పొట్టి సంతకాలు. మన లెక్కల మాస్టారి సంతకం చూడగానే పోల్చుకున్నాను.

చాలామంది మిత్రులు ఆ నోటీసుల్లో ఏముంది, పారెయ్యక అంటారు. మన బడికి రాజుగారి చార్టరు లేదు. మన ఊరి మీద పుస్తకం రాసినవాళ్లూ లేరు. యాభై ఏళ్ల క్రితం ఏ ఇంటి నుంచి మొదటిసారి ఆడపిల్ల బడికొచ్చిందో, ఏ పేట పిల్లలు ఎప్పుడు చేరారో, ఎందుకు మానేశారో ఆ రిజిస్టర్లలో తప్ప ఇంకెక్కడా లేదు.

రెండు ఇనుప బీరువాలు, స్కానింగు ఖర్చు, ఆ గది కప్పు మరమ్మతు కలిపి అంచనా వేసి సంఘానికి ఇచ్చాను. ద్వారం ఖర్చులో ఆరో వంతు కూడా కాదు. ఈ వర్షాకాలం లోపు కప్పు పని అయితే చాలు, మిగతాది నెమ్మదిగా చేసుకోవచ్చు. స్కాను చేయడానికి దసరా సెలవుల్లో వారం రోజులు నేను వస్తాను. పాత చేతిరాత చదవగలిగే రిటైర్డ్ మాస్టార్లు ఇద్దరు ముగ్గురు పక్కన కూర్చుంటే పని సులువవుతుంది. మీ ఇళ్లలో పాత గ్రూపు ఫోటోలు, స్కూలు డే కరపత్రాలు, ప్రోగ్రెస్ కార్డులు ఉంటే పట్టుకురండి, స్కాను చేసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తాం. బీరువా తాళంచెవి హెడ్మాస్టరుగారి దగ్గర ఉంది.